వూయీ, ఆన్‌షీ, ఫీనిక్స్: మొదటి ఊలాంగ్ పొట్లం ఏది కొనాలి?

మా బావమరిది గ్వాంగ్‌జౌలో ఒక ఎగుమతి ఆఫీసులో పనిచేస్తాడు. ఓసారి సంక్రాంతికి ఇంటికొస్తూ నాలుగు టీ పొట్లాలు తెచ్చి బల్ల మీద వరసగా పెట్టాడు. మొదటిదాంట్లో బొగ్గు రంగులో మెలితిరిగిన పొడుగాటి ఆకులు. రెండోదాంట్లో శనగగింజంత పచ్చటి ఉండలు. మూడోది మొదటిదానిలాగే ఉంది, కాకపోతే ఇంకా పొడుగు, కాస్త గోధుమ రంగు. నాలుగోది మళ్ళీ ఉండలే, కానీ కాడతో సహా చుట్టినవి. "అన్నీ ఊలాంగే బావా. పాలు మాత్రం పోయకు" అని చెప్పి కోడిపందేలు చూడ్డానికి వెళ్ళిపోయాడు.

పాలు పోయలేదు. కానీ మూడో పొట్లంలోంచి రెండు చెంచాల ఆకు తీసి, రోజూ పెట్టుకునే టీలాగే గిన్నెలో నాలుగు నిమిషాలు మరిగించాను. దానికన్నా కాకరకాయ రసం నయం. సగం తులసికోట పక్కన మందార మొక్కకి పోశాను. ఆ నాలుగింటిలోనూ ఖరీదైనదీ, తొందరపడితే ఊరుకోనిదీ అదేనని తర్వాత తెలిసింది.

ఇప్పుడు ఎవరైనా "చైనా ఊలాంగ్ తాగి చూద్దామనుకుంటున్నా, ఏది తెప్పించుకోను?" అని అడిగితే వూయీ, ఆన్‌షీ, ఫీనిక్స్ అంటూ ఊలాంగ్ పండే కొండ పేరు చెప్పను. "మీరు రోజూ ఏం తాగుతారు?" అని ఎదురు అడుగుతాను. ఫిల్టర్ కాఫీ లేనిదే పొద్దు గడవని మనిషికీ, ఉదయాన్నే గ్రీన్ టీ తాగే మనిషికీ ఒకే పొట్లం నచ్చదు. ఇద్దరూ ఒకే పొట్లం కొని, అందులో ఒకరు "ఊలాంగ్ అంటే ఇంతేనా" అని వదిలేయడం చాలాసార్లు చూశాను.

ముందుగా, ఊలాంగ్ అంటే ఏమిటి

గ్రీన్ టీ, మనం పాలతో తాగే బ్లాక్ టీ, ఊలాంగ్... మూడూ ఒకే జాతి మొక్క ఆకులు. కోసిన ఆకును వెంటనే వేడి చేసి రంగు మారకుండా ఆపితే గ్రీన్ టీ. పూర్తిగా ఎర్రబడనిస్తే బ్లాక్ టీ. ఈ రెంటికీ మధ్యలో ఆపితే ఊలాంగ్.

ఆ మధ్యలో ఆపడంలోనే పనితనమంతా ఉంది. ఆకును కాసేపు ఎండలో వాడ్చి, వెదురు చాటల్లో వేసి కదుపుతారు. కాసేపు ఆగుతారు, మళ్ళీ కదుపుతారు. రాత్రి పొద్దుపోయేదాకా ఇదే పని. అంచులు ఒకదానికొకటి రాసుకుని నలుగుతాయి. వంకాయ కోసి ఉప్పునీళ్ళలో వేయడం మర్చిపోతే నల్లబడుతుంది చూడండి, అలాగే నలిగిన అంచు గాలి తగిలి ఎర్రబడుతుంది. ఆకు నడుమ మాత్రం పచ్చగానే ఉంటుంది. వాసన తాము కోరుకున్న చోటికి వచ్చిందనిపించాక వేడి మీద వేయించి ఆపేస్తారు. తర్వాత చుట్టడం, ఆరబెట్టడం. కొన్నిటిని ఆపైన మళ్ళీ కాలుస్తారు. గ్రీన్ టీ, ఊలాంగ్ లాంటి చైనా సంప్రదాయ తేయాకు తయారీ పద్ధతులన్నిటినీ కలిపి 2022లో యునెస్కో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆకును ఎంత ఎర్రబడనిచ్చారు, తర్వాత ఎంత కాల్చారు. రుచిలో తేడాలు చాలావరకు ఈ రెండింటిలోంచే వస్తాయి.

ఏం చూసి ఎంచుకోవాలి

నా లెక్కలో మొదటిది నిప్పు. అంటే ఆకును ఎంత కాల్చారన్నది. కాల్చిన టీలో వేయించిన శనగలు, కాలిన బెల్లం, మొక్కజొన్న పొత్తు వాసనలు వస్తాయి. కాల్చని టీలో పచ్చి ఆకు, పూలు, వెన్న గుర్తొస్తాయి. మీ నాలుక ఏ వైపు మొగ్గుతుందో మీకు ముందే తెలుసు. పెసరట్టు అంచులు ఎర్రగా కరకరలాడితేనే ఇష్టమా, మెత్తగా ఉంటే ఇష్టమా అన్నంత సులువైన ప్రశ్న ఇది.

రెండోది వాసనా, ఒంటా (అంటే నోట్లో తగిలే చిక్కదనమా) అన్నది. కొన్ని టీలు మూత తీయగానే గదంతా పరిమళిస్తాయి, నోట్లో మాత్రం పల్చగా ఉంటాయి. కొన్నిటికి వాసన తక్కువ, నోట్లో పప్పుకట్టులా చిక్కగా, బరువుగా తగులుతాయి. రెండూ సమపాళ్ళలో ఉన్నవి దొరుకుతాయి, జేబు సహకరిస్తే.

మూడోది తిరుగు తీపి. ఉసిరికాయ కొరికి మంచినీళ్ళు తాగితే గొంతులో తీపి తేలుతుంది కదా, మంచి ఊలాంగ్ మింగాక అదే జరుగుతుంది. చైనావాళ్ళు దాన్ని 'హుయి గాన్' అంటారు, అంటే తిరిగి వచ్చే తీపి. మాట చైనాదే అయినా మనకు ఎవరూ వివరించనక్కర్లేదు. ఆకు నాణ్యతకు నేను ఎక్కువగా నమ్మే గుర్తు ఇదే. వాసన కలపొచ్చు, రంగు తెప్పించొచ్చు, ఈ తీపిని పైనుంచి పూయడం కష్టం.

నాలుగోది, పొరపాటును ఓర్చుకునే గుణం. ఫోన్ మోగి మీరు అవతలికి వెళ్తే ఆ టీ ఏమవుతుంది? ఆఫీసులో తాగేవాళ్ళకి మిగతా అన్నిటికన్నా ఇదే ముఖ్యం.

ఐదోది నిల్వ. మన ఊళ్ళ ఎండకీ, కోస్తా ఉక్కకీ అన్ని టీలూ ఒకేలా తట్టుకోవు.

ఎత్తును ఈ జాబితాలో కావాలనే పెట్టలేదు. పొట్లం మీద 'హై మౌంటెన్' అని చూడగానే ఎక్కువ డబ్బు పెట్టేస్తాం. ఎత్తైన చోట చలికి ఆకు నిదానంగా ఎదుగుతుంది, పొగమంచు కప్పేస్తుంది, రుచి మెత్తబడుతుంది. అది నిజమే. కానీ ఎత్తుకు ఆ విలువ తైవాన్‌లోనూ ఫీనిక్స్ కొండల్లోనూ ఉంది. వూయీ కొండల్లో 2,100 మీటర్లు దాటిన శిఖరం ఉన్నా, పేరుమోసిన రాతి టీ తోటలు దానికి చాలా కిందుగా, కొండ చరియల మధ్య ఇరుకు లోయల్లో ఉంటాయి. అక్కడ లెక్క ఎత్తుది కాదు, రాయిది.

ఈ లెక్కలతో టీలను పక్కపక్కన పెడితే ఇలా ఉంటాయి. తియెగ్వాన్‌యిన్ అంటే ఆన్‌షీ టీ, దాన్‌త్సోంగ్ అంటే ఫీనిక్స్ టీ. వివరాలు కింద చెబుతాను.

| | వూయీ రాతి టీ | పచ్చ తియెగ్వాన్‌యిన్ | కాల్చిన తియెగ్వాన్‌యిన్ | ఫీనిక్స్ దాన్‌త్సోంగ్ | తైవాన్ కొండ టీ |
|---|---|---|---|---|---|
| ఆకు | పొడుగు, నలుపు | పచ్చటి ఉండలు | ముదురు ఉండలు | పొడుగు, గోధుమ రంగు | పెద్ద ఉండలు, కాడతో |
| నిప్పు | మధ్యస్థం నుంచి గట్టిగా | దాదాపు లేదు | మధ్యస్థం | కొద్దిగా నుంచి మధ్యస్థం | ఎక్కువగా లేదు |
| ముందు తెలిసేది | ఒంటి బరువు, కాలిన తీపి | పూల వాసన, తాజాదనం | వేయించిన గింజల వాసన | ఘాటైన పూల, పండ్ల వాసన | వెన్నలాంటి మెత్తదనం |
| ఎక్కువసేపు ఉంచితే | చిక్కబడుతుంది, తాగొచ్చు | కొద్దిగా వగరు | పర్వాలేదు | చేదు, వగరు | పెద్దగా పాడవదు |
| నిల్వ | డబ్బాలో ఏళ్ళు | ఫ్రిజ్‌లో, నెలల్లో తాగాలి | డబ్బాలో ఏడాదికి పైగా | డబ్బాలో ఏడాది దాకా | గాలి తగలకుండా, ఏడాదిలోపు |

వూయీ: రాతి మీది టీ

ఫుజియన్ రాష్ట్రానికి వాయవ్యంలో ఎర్రటి ఇసుకరాతి కొండలు, వాటి మధ్య తొమ్మిది మలుపులు తిరిగే ఏరు. ప్రకృతి, సంస్కృతి రెండు విభాగాల్లోనూ 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలమైంది. ఇక్కడి టీని 'యెన్ చా' అంటారు, అంటే రాతి టీ. చరియల నీడ వల్ల రోజులో కొన్ని గంటలే ఎండ తగులుతుంది. రాతి పగుళ్ళలోంచి నీరు ఊరుతుంది. నేలంతా అరిగిన రాతి పొడి.

అసలు రక్షిత ప్రాంతంలో, చరియల మధ్య పండినదాన్ని జెంగ్‌యెన్ అంటారు. దాని అంచుల్లోది బాన్‌యెన్. ఏటి ఒడ్డు మైదానపు తోటలది జౌచా. ధర ఈ క్రమంలోనే దిగుతూ వస్తుంది. జెంగ్‌యెన్‌లోనూ కొన్ని లోయల పేరు చెబితే చాలు, ధర ఆకాశాన్నంటుతుంది. నియులాన్‌కెంగ్ అనే లోయలో పండిన రౌగుయ్ రకాన్ని అక్కడివాళ్ళు ముద్దుగా 'నియు రౌ' అంటారు. ఆ మాటకి గొడ్డు మాంసం అని అర్థం. మాతౌయెన్ గుట్టది 'మా రౌ', అంటే గుర్రం మాంసం. రెండూ పేర్లలోని అక్షరాలతో ఆడుకున్న చమత్కారాలే. శాకాహారులు కంగారు పడనక్కర్లేదు.

రకాల్లో మీరు ముందుగా వినేది దా హోంగ్ పావ్, అంటే పెద్ద ఎర్ర అంగీ. జియులోంగ్‌కె అనే చరియ మీద దాని తల్లి చెట్లు ఆరు ఉన్నాయి. 2006 నుంచి వాటి ఆకు కోయడం ఆపేశారు. చివరి కోతలోని 20 గ్రాములు బీజింగ్‌లోని జాతీయ మ్యూజియంలో ఉన్నాయి. కాబట్టి "తల్లి చెట్టు ఆకు" అని ఎవరైనా అమ్మితే నవ్వి వచ్చేయండి. బజారులో దొరికే దా హోంగ్ పావ్‌లో ఎక్కువభాగం రౌగుయ్, షుయిషియెన్ లాంటి రకాలు కలిపి, కాల్చి, రుచి కుదిర్చినది. అది మోసం కాదు. మంచి కాఫీ పొడిలో పీబెర్రీ, ప్లాంటేషన్ ఎంతెంత కలపాలో దుకాణాయనకి తెలిసినట్టే అదీ ఒక విద్య. మొదటిసారి కొనేవాళ్ళకి ఈ మిశ్రమమే మంచిదని నా అభిప్రాయం. ఒక్క రకమే ఉన్నప్పుడు దాని దురుసుదనమూ పూర్తిగా మనమే భరించాలి.

మిశ్రమం వద్దు, విడి రకం కావాలంటే రెండే గుర్తుంచుకోండి. రౌగుయ్ అంటే దాల్చినచెక్క. ఘాటుగా, ముక్కుకి సూటిగా తగులుతుంది. షుయిషియెన్ మెత్తగా, చిక్కగా, నిదానంగా దిగుతుంది. "వాసనలో రౌగుయ్‌ని మించింది లేదు, మెత్తదనంలో షుయిషియెన్‌ని మించింది లేదు" అని వూయీవాళ్ళే చెప్పుకుంటారు. పాత షుయిషియెన్ చెట్ల ఆకులో నాచు పట్టిన చెట్టు బెరడు వాసన ఉంటుంది. తొలకరి జల్లు పడ్డాక చింతచెట్టు కిందికి వెళ్తే వచ్చే వాసన. కొందరికి ప్రాణం, కొందరికి బూజు.

కాల్చడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఎంపికలో దెబ్బతినేది ఇక్కడే. కట్టెబొగ్గు రాజేసి, మంట లేవకుండా పైన బూడిద కప్పి, దాని మీద వెదురు బుట్టలో ఆకు పెట్టి గంటల తరబడి సన్నని సెగకు వదిలేస్తారు. కొన్ని వారాలు ఆరనిచ్చి మళ్ళీ కాలుస్తారు. ఆకు కోసేది ఏప్రిల్ చివర, మే నెలల్లో అయినా సరుకు బయటికి వచ్చేసరికి శరదృతువు వచ్చేస్తుంది. అప్పుడు కూడా కొత్తగా కాల్చిన టీలో పొగరు ఉంటుంది. కొన్ని నెలలు డబ్బాలో ఉంచితే ఆ సెగ వాసన తగ్గి, లోపలి తీపి బయటపడుతుంది. కొత్త ఆవకాయ మూడో రోజు తాగి... తిని చూసి ఉప్పు ఎక్కువైందనుకోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. నాసిరకం ఆకు లోపాలు కప్పడానికి మాడ్చేసిన టీ మాత్రం ఎన్నాళ్ళు ఉంచినా బాగుపడదు. నానిన ఆకు వేలితో విప్పి చూడండి. విప్పుకోకుండా మసిలా నలిగిపోతే అది మాడిన సరుకు.

ఆన్‌షీ: ఒకే పేరుతో రెండు టీలు

ఆన్‌షీ కొండలు దక్షిణ ఫుజియన్‌లో ఉన్నాయి. ఆ ప్రాంతపు భాషలో టీని 'తే' అంటారు. అక్కడి రేవుల నుంచి డచ్చి వర్తకులు సరుకుతో పాటు ఆ మాటనూ మోసుకుపోయారు. ఇంగ్లీషు 'టీ'లో, మన తేయాకులో, తేనీరులో ఉన్నది ఆ మాటే. 'చాయ్' వేరే దారిలో, పర్షియా మీదుగా మనకు చేరింది. హైదరాబాదులో చాయ్ అనీ, బెజవాడలో టీ అనీ అంటే రెండు వేరు వేరు దారుల్ని తలుచుకున్నట్టే.

ఇక్కడి టీ పేరు తియెగ్వాన్‌యిన్. గ్వాన్‌యిన్ అంటే కరుణాదేవి, తియె అంటే ఇనుము. ఇదొక మొక్క రకం పేరు కూడా. ఆకును బట్టలో మూటకట్టి పదే పదే నలిపి ఉండలు చేస్తారు. వేడినీళ్ళు పోస్తే ఆ ఉండ మెల్లగా విప్పుకుని అరచేతిలో సగం ఆకు అవుతుంది. మా ఇంట్లో పిల్లలు దీన్ని చూడ్డానికే పక్కన కూర్చుంటారు.

చిక్కేమిటంటే తియెగ్వాన్‌యిన్ అనే పేరు కింద రెండు వేరు వేరు టీలు అమ్ముతారు. ఒకటి చింగ్‌షియాంగ్, అంటే తేలిక వాసనది. పచ్చగా, కాల్చకుండా, పూల వాసనతో ఉంటుంది. గత ముప్ఫై నలభై ఏళ్ళలో పుంజుకున్న పద్ధతి ఇది. రెండోది నోంగ్‌షియాంగ్, అంటే చిక్కటి వాసనది. పాతకాలం పద్ధతిలో ఎక్కువ ఎర్రబడనిచ్చి, కాల్చి చేస్తారు. వెబ్‌సైటులో పేరు ఒక్కటే చూసి ఆర్డరిస్తే ఏది వస్తుందో మీ అదృష్టం. ఫొటోలో ఉండల రంగు చూడండి. మెరిసే పచ్చ అయితే మొదటిది, ముదురు గోధుమ అయితే రెండోది.

పచ్చ రకం మొదటి గుక్కలోనే మురిపిస్తుంది. సంపెంగ, లేత కొబ్బరి, కోసిన గడ్డి. కానీ ఆ మురిపెం నిలవదు. గాలి తగిలితే కొన్ని వారాల్లోనే చప్పబడుతుంది. అందుకే ఒక్కో పొట్లంలో 7, 8 గ్రాములు మాత్రమే వేసి గాలి పీల్చేసి అమ్ముతారు. ఫ్రిజ్‌లో పెట్టాలి, అదీ మూత గట్టిగా ఉండే డబ్బాలో. అల్లం వెల్లుల్లి ముద్ద పక్కన తెరిచిన పొట్లం పెడితే రేపు మీరు తాగేది మసాలా చాయే. పరగడుపున తాగితే కొందరికి కడుపులో తిప్పుతుంది, ఆ కొందరిలో నేనూ ఉన్నాను. టిఫిను తర్వాత తాగండి.

ఈ పచ్చ రకంలో ఎర్రబడ్డ అంచుల్ని రాలగొట్టేస్తారు కాబట్టి నానిన ఆకు అంచులు చిరిగి ఉంటాయి. అది చూసి పాడైన సరుకని అనుకోవద్దు.

కాల్చిన రకానికి ఇంత సేవ అక్కర్లేదు. డబ్బాలో వేసి అల్మరాలో పెడితే చాలు. నెయ్యిలో వేగిన జీడిపప్పు, కాస్త పుల్లటి చివర. వూయీ టీ మరీ గట్టిగా అనిపించినవాళ్ళకి ఇది మధ్యేమార్గం. దీనికి దక్కాల్సినంత పేరు దక్కలేదని నా ఫిర్యాదు. వసంతంలో కోసినదానికి ఒంటి బరువు ఎక్కువ, శరత్తులో కోసినదానికి వాసన ఎక్కువ. పచ్చ రకమైతే శరత్తుది, కాల్చినదైతే వసంతానిది అడుగుతాను.

ఫీనిక్స్ కొండ: పూల అంగడి

గ్వాంగ్‌డోంగ్ రాష్ట్రం తూర్పు కొసన చావ్‌జౌ ఊరు. దాని పైన ఫెంగ్‌హువాంగ్ కొండలు, అంటే ఫీనిక్స్ కొండలు. పేరున్న వూడోంగ్ శిఖరం దాదాపు 1,400 మీటర్లు. ఇక్కడి టీ దాన్‌త్సోంగ్. ఆ మాటకి 'ఒంటి చెట్టు' అని అర్థం. ఒక్కో చెట్టు ఆకును విడిగా కోసి, విడిగా తయారుచేసి, దాని వాసనని బట్టి పేరు పెట్టేవారు. బంగినపల్లి, చెరకు రసం, సువర్ణరేఖ... చెట్టుకో రుచి, రుచికో పేరు ఉన్న మామిడితోటలు చూసినవాళ్ళకి ఇది వింతగా ఉండదు. ఇప్పుడు ఎక్కువభాగం అంటుకట్టిన తోటల్లోంచి వస్తుంది. నిజంగా ఒంటి చెట్టు ఆకు అరుదు, ధర కూడా అలాగే ఉంటుంది.

వాసనల పేర్లే ఇక్కడ రకాల పేర్లు. మీలాన్‌షియాంగ్ అంటే తేనె, ఆర్కిడ్ వాసన. హువాంగ్‌జీషియాంగ్ అంటే నందివర్ధనం లాంటి గార్డెనియా పూల వాసన. షింగ్‌రెన్‌షియాంగ్ బాదం. ఇవి కలిపిన వాసనలు కావు, ఆకులోనే పుట్టినవి. అందరి నోళ్ళలో నానేది యాషీషియాంగ్. తెలుగులో చెప్పాలంటే బాతు రెట్ట వాసన! ఆ చెట్టు ఉన్న నేల రంగుని బట్టి ఆ పేరు వచ్చిందని కొందరంటారు. అంటు కొమ్మలు ఎవరూ ఎత్తుకుపోకుండా యజమానే చెత్త పేరు పెట్టాడని ఇంకొందరంటారు. దిష్టి తగలకుండా పిల్లవాడికి పెంటయ్య అని పేరు పెట్టిన దేశంవాళ్ళం, నాకు రెండో కథే నచ్చింది. 2014లో దీనికి 'యిన్‌హువాషియాంగ్', వెండి పూల వాసన, అని గౌరవమైన పేరు పెట్టారు. జనం మాత్రం బాతునే పట్టుకున్నారు.

మా బావమరిది తెచ్చిన మూడో పొట్లం మీలాన్‌షియాంగ్. మందార మొక్కకి పోసిన వారం తర్వాత, అతను చెప్పినట్టు మళ్ళీ పెట్టాను. కప్పులో 5 గ్రాములు, బాగా మరిగిన నీళ్ళు, పది అంకెలు లెక్కపెట్టి వంచేయడం. నీరు లేత తేనె రంగులో ఉంది. మూత వెనక్కి తిప్పి వాసన చూస్తే మగ్గిన లిచీ, దాని వెనక సన్నజాజి. తాగాక నాలుక పక్కల చిన్న వగరు పట్టింది, రెండు నిమిషాలకి అదే తీపైంది. అదే ఆకు, అవే నీళ్ళు. తేడా నాలుగు నిమిషాలకీ పది సెకన్లకీ మధ్య ఉంది.

అందుకే దాన్‌త్సోంగ్ ఓపికున్నవాళ్ళ టీ. నాలుగింటిలో వాసన దీనిదే గొప్ప, ఒప్పుకుంటాను. కానీ కాస్త ఆదమరిస్తే చేదు. చావ్‌జౌవాళ్ళు చిన్న కుండలో నిండుగా ఆకు కూరి, మూడు చిట్టి కప్పుల్లో పోసి, ఇంటికొచ్చినవాళ్ళందరికీ ఇచ్చే గోంగ్‌ఫూ పద్ధతి ఈ టీకి తోడుగా పుట్టినట్టే ఉంటుంది. ఒక్కో గుక్కా అంతే కాబట్టి ఘాటు భరించగలం. వాళ్ళంత ఆకు మొదట్లోనే వేయకండి.

చవక దాన్‌త్సోంగ్‌తో ఇంకో ఇబ్బంది. కొండ కింది తోటల ఆకులో వాసన ఉంటుంది, తిరుగు తీపి తక్కువ, వగరు ఎక్కువ. ఎత్తు, చెట్టు వయసు పెరిగేకొద్దీ ఈ లెక్క తిరగబడుతుంది. అంటే ఎత్తు మాటని ఇక్కడ నమ్మొచ్చు, అమ్మేవాడిని నమ్మగలిగితే.

తైవాన్‌ను ఎందుకు కలిపాను

సముద్రం అవతలిదే అయినా మొక్కలూ, పనితనమూ ఫుజియన్ నుంచి వలసపోయినవి. 1,000 మీటర్ల పైన పండితే అక్కడ కొండ టీ అంటారు. ఆలీషాన్, షాన్‌లిన్‌షీ, లీషాన్, అన్నిటికన్నా పైన 2,500 మీటర్ల దగ్గర దాయూలింగ్. మెత్తగా, తియ్యగా ఉంటుంది, పొరపాటు చేసినా పోనీలే అంటుంది. నా ఫిర్యాదు కూడా అదే. నాలుగో కప్పుకి దానితో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. అక్కడిదే, కాస్త కాల్చిన డోంగ్‌డింగ్ అనే టీ దీనికన్నా నాకు నచ్చుతుంది.

జిన్‌షువాన్ అనే రకానికి సహజంగానే కొద్దిగా పాల వాసన ఉంటుంది. అదే పేరు చెప్పి 'మిల్క్ ఊలాంగ్' అంటూ ఎసెన్స్ కలిపినవి బోలెడు అమ్ముతారు. పొడి ఆకే పాలకోవాలా గుప్పుమంటే అనుమానించండి.

మరి మీకేది?

డికాషన్ కాఫీ మనుషులు వూయీతోనే మొదలుపెట్టాలి. దా హోంగ్ పావ్ మిశ్రమం, మధ్యస్థంగా కాల్చినది. చేదు మీకు కొత్త కాదు, దాని వెనక తీపి వెతుక్కోవడం తెలుసు. పాలు లేని లోటు కూడా తక్కువ తెలుస్తుంది.

గ్రీన్ టీ అలవాటున్నవాళ్ళకి పచ్చ తియెగ్వాన్‌యిన్ అని అందరూ చెబుతారు. నేను కొద్దిగా తేడాగా చెబుతాను. ఫ్రిజ్‌లో చోటు, రెండు మూడు నెలల్లో తాగి ముగించే అలవాటు ఉంటేనే అది. లేకపోతే తైవాన్ కొండ టీ.

ఇరానీ చాయ్ ప్రాణంగా బతికేవాళ్ళకి, పంచదార లేకుండా టీ ఊహించలేనివాళ్ళకి, మీలాన్‌షియాంగ్ దాన్‌త్సోంగ్ వాసనే తీపి ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. కానీ పెట్టడం రాకపోతే పూర్తిగా విరక్తి పుడుతుంది. కాబట్టి ముందు కాల్చిన తియెగ్వాన్‌యిన్ మీద చెయ్యి తిరగనివ్వండి.

ఆఫీసులో ఫ్లాస్కు, ఒక పెద్ద కప్పు మాత్రమే ఉన్నవాళ్ళు దాన్‌త్సోంగ్ జోలికి పోవద్దు. ఉండ టీలు తీసుకోండి. పెద్ద కప్పుకి అర చెంచా చాలు, అవి విప్పుకుంటే కప్పంతా ఆకే.

అమ్మానాన్నలకి ఇద్దామనుకుంటే? మా అమ్మకి నాలుగూ పోసి ఇచ్చాను. వూయీ తాగి "కషాయంలా ఉందిరా" అంది. పచ్చ ఉండల టీ "ఆకు పసరు". ఫీనిక్స్ దాన్ని మాత్రం వాసన చూసి, తాగకుండా చాలాసేపు చేతిలో పట్టుకుంది. రాత్రి నిద్ర పట్టదనే భయం ఉన్నవాళ్ళకి ఏ ఊలాంగైనా సాయంత్రం నాలుగు దాటాక వద్దు. కాల్చినంత మాత్రాన కెఫీన్ పోదు.

దిగుమతి టీ మన దేశంలో సుంకాల వల్ల ఖరీదు. అంత పెట్టేముందు ఊలాంగ్ పద్ధతి తెలుసుకోవాలంటే డార్జిలింగ్, నీలగిరి తోటలు చేసే ఊలాంగ్ దొరుకుతుంది. డార్జిలింగ్ పాత చెట్లు చైనా రకం సంతతే. రుచి వూయీలాగా ఉండదు, చెయ్యి కుదరడానికి మాత్రం పనికొస్తుంది.

పెట్టుకునే పద్ధతి, కొనే పద్ధతి

100 మిల్లీలీటర్ల మూత కప్పు, అంటే గైవాన్, ఉంటే మంచిది. లేకపోతే చిన్న స్టీలు గ్లాసు, వడకట్టు చాలు. గైవాన్ అంచు దాకా నీళ్ళు పోయకండి, వేళ్ళు కాలతాయి. 5 గ్రాముల ఆకు, మరిగిన నీళ్ళు. పచ్చ రకానికి మాత్రం దించి ఒక నిమిషం ఆగాక పోయండి. మొదటి కప్పు పది సెకన్లు, ఉండ టీ అయితే ఇరవై. తర్వాత ఒక్కో కప్పుకీ కొద్దిగా పెంచుకుంటూ పోవడం. మంచి ఆకు ఏడు కప్పుల దాకా వస్తుంది. అంటే 50 గ్రాముల పొట్లం పదిసార్లకి, మొత్తం ఏడు లీటర్ల టీ. ధర చూసి గుండె గుభేల్‌మన్నప్పుడు ఈ లెక్క వేసుకోండి.

నీళ్ళ సంగతి చాలామంది పట్టించుకోరు. బోరు నీళ్ళలో ఏ ఊలాంగైనా మొద్దుబారి, పైన తెట్టు కడుతుంది. పూర్తిగా లవణాలు తీసేసిన ఆర్‌ఓ నీళ్ళలో రుచి చప్పగా తేలిపోతుంది. మా ఇంట్లో ఆర్‌ఓ నీళ్ళలో కొద్దిగా కుళాయి నీళ్ళు కలిపాక వూయీ టీకి గొంతొచ్చింది.

కొనేటప్పుడు ఒకే రకం పావుకిలో తీసుకోకండి. 25 గ్రాముల చొప్పున మూడు: ఒక వూయీ మిశ్రమం, ఒక కాల్చిన తియెగ్వాన్‌యిన్, ఒక మీలాన్‌షియాంగ్. ఏ ఏడు, ఏ కాలంలో కోశారో, ఎంత కాల్చారో చెప్పలేని దుకాణంలో చవక రకాలే కొనండి. నేనొకసారి చక్కటి రేకు డబ్బా, ఎర్ర పట్టుగుడ్డ చూసి ఒక ఆన్‌లైన్ దుకాణంలో దా హోంగ్ పావ్ కొన్నాను. లోపల మసి. డబ్బాలో ఇప్పుడు మెంతులు పోసుకున్నాం.

దాన్‌త్సోంగ్ అయితే ఇంకో మాట. ఆరో కప్పు తర్వాత ఆకు పారేయకండి. సీసాలో వేసి చల్లటి నీళ్ళు పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. చల్లటి నీళ్ళలో వగరు పెద్దగా దిగదు, వాసన మాత్రం దిగుతుంది. మే నెల మధ్యాహ్నం ఆ సీసా తీస్తే మా ఇంట్లో గ్లాసుల కోసం వెతుక్కోవడమే.